‘చెట్లు పెడితే నేనెక్కడికి పోవాలమ్మా?’

ఈసారి ఉత్తరం రాసిన పాఠకురాలు పేరూ ఊరూ వేయొద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరం. కుదించి చెప్తే సంగతి ఇదీ.

తండ్రి నుంచి వచ్చిన నాలుగెకరాల మెట్ట ఆమె పేరున ఉంది. దాదాపు నలుచదరం, మధ్యలో బోరు. వేసవిలో బోరు నీళ్లు అంతంత మాత్రం. ఆమె ఉద్యోగం వల్ల దూరంగా ఉంటారు. పన్నెండేళ్లుగా ఒకే కుటుంబం ఆ పొలాన్ని కౌలుకు చేస్తోంది. కాగితం లేదు. ఏటా తొలకరికి ముందు నోటిమాటతో కౌలు ఖాయమవుతుంది. ఏటా పత్తే. మూడేళ్లుగా వేసే ఎరువు పెరుగుతోంది గానీ దిగుబడి పెరగడం లేదు. గట్టి వాన పడితే పైమన్ను పల్లానికి కొట్టుకుపోతోంది. ఈమధ్య ఆమె ఒక శిక్షణకు వెళ్లొచ్చి, పొలంలో చెట్లు పెంచాలనీ, యూరియా పూర్తిగా మాన్పించాలనీ నిర్ణయించుకున్నారు. ఆ మాట చెప్పగానే కౌలుదారు “చెట్లు పెడితే నేనెక్కడికి పోవాలమ్మా?” అన్నారట. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం తగ్గించేశారు.

ఆమె అన్నయ్యది ఇంకో మాట: కౌలు మాన్పించి, ఎకరానికి 450 చొప్పున కలప మొక్కలు వేసెయ్, ఏడెనిమిదేళ్లు అటు చూడక్కర్లేదు. ఉత్తరం వైపు పొలం రైతు ముందే చెప్పేశాడు, నీడ తన చేలో పడితే ఊరుకోనని. పోనీ కౌలుదారుతో కాగితం రాసుకుందామంటే బంధువులు “రాసిచ్చావంటే పొలం పోయినట్టే” అంటున్నారు. ఉత్తరం చివర ఆమె అడిగింది ఇది: “నేలకు మంచి చేద్దామనుకుని అందరికీ చెడ్డదాన్నయ్యాను. ఏ చెట్టు పెట్టాలో చెప్పండి, చాలు.”

చాలదండీ. ఏ చెట్టు అన్నది మీ సమస్యలో అన్నిటికంటే తేలికైన భాగం. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

మీ పొలంలో రెండు గడియారాలు నడుస్తున్నాయి. కలప చెట్టుది ఎనిమిదేళ్ల లెక్క. మీ కౌలుదారుది ఒక్క పంట లెక్క. వచ్చే తొలకరికి తనుంటాడో లేదో తెలియని మనిషిని ఎనిమిదేళ్ల తర్వాత కోతకొచ్చే మొక్కకు నీళ్లు పొయ్యమంటున్నారు. ఆ మొక్క పెరిగినకొద్దీ ఆయన పత్తి సాళ్లు తగ్గుతాయి. కౌలు మాత్రం తగ్గదు. “నేనెక్కడికి పోవాలి” అన్నది మొండితనమని మీకు అనిపించి ఉండొచ్చు. నిజానికి మొత్తం వ్యవహారంలో సరైన ప్రశ్న వేసింది ఆయనొక్కరే. దానికి జవాబు దొరకకుండా గుంత తవ్వితే, ఆ మొక్కలు మొదటి వేసవిలోనే ఎండిపోతాయి. ఎవరో పగబట్టి పీకేస్తారని కాదు. వాటిని బతికించుకోవాల్సిన అవసరం పొలం మీద ఉండే ఎవరికీ ఉండదు, అంతే.

ఇది మీ ఒక్కరి పొలం సంగతీ కాదు. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో బర్మాలో ‘టాంగ్యా’ అనే పద్ధతి పెట్టారు. అడవి శాఖ భూమిలో టేకు మొక్కల మధ్య పేద రైతులు రెండు మూడేళ్లు పంట వేసుకోవచ్చు, బదులుగా టేకును కాపాడాలి. టేకు కమ్ముకోగానే వాళ్లు అక్కణ్నుంచి కదలాలి. చెట్లు బాగానే పెరిగాయి, పెంచినవాళ్లకు టేకులో వాటా లేదు. దీనికి ఎదురు ఉదాహరణ పశ్చిమ ఆఫ్రికా దేశం నైజర్‌లోని మరాది ప్రాంతం. అక్కడ పాత చట్టాల ప్రకారం చేలో మొలిచిన చెట్టు కూడా ప్రభుత్వానిదే కాబట్టి రైతులు పిలకలను మొక్కగా ఉండగానే కొట్టేసేవారు. 1980ల నుంచి, ఆ చెట్లు తమవేనన్న నమ్మకం కుదిరాక, పాత మోళ్ల నుంచి వచ్చే పిలకల్లో నాలుగైదు మంచివి ఉంచి మిగతావి కత్తిరిస్తూ పెంచుకున్నారు. అలా మరాదితో మొదలై నైజర్ దేశంలో దాదాపు 50 లక్షల హెక్టార్ల సాగుభూమి మీదికి చెట్లు తిరిగొచ్చాయి. నర్సరీ మొక్కలు కొన్నది దాదాపు లేదు. మారింది చెట్టు ఎవరిదన్న సంగతే.

ఇక మీ ముందున్న దారులు చూద్దాం.

మీ అన్నయ్యగారి దారి ముందు. ఎకరానికి 450 అంటే మూడు మీటర్లకో మొక్క, నాలుగెకరాలకు 1,800. మొదటి రెండేళ్లు మధ్యలో ఏదైనా పంట వేసుకోవచ్చు, మూడో ఏడు నుంచి నీడ మూసుకుంటుంది. “అటు చూడక్కర్లేదు” అన్న మాట ఎక్కడ తప్పుతుందంటే నీళ్ల దగ్గర. మొదటి వేసవిలో మొక్కకు వారానికి పది లీటర్లన్నా అందాలి. 1,800 మొక్కలకు వారానికి 18,000 లీటర్లు. వేసవిలో అంతంత మాత్రమంటున్న బోరు అది ఇస్తుందా? మేకల నుంచి, నిప్పు నుంచి కాపలా ఎవరు? ఇప్పుడు ఆ కాపలా మీకు ఉచితంగా వస్తోంది, రోజూ పొలం మీద మనిషి ఉంటున్నాడు కాబట్టి. ఆయన్ను పంపేస్తే ఆ ఖర్చు మీదే. నర్సరీవాళ్లు ఇచ్చే కాగితంలో 450ని ఒక్కో చెట్టు ధరతో హెచ్చవేసి ఉంటుంది. చచ్చిపోయేవి, సన్నగా ఉండిపోయేవి, గాలికి విరిగేవి ఆ హెచ్చవేతలో ఉండవు. కోత, మోత ఖర్చులు అసలే ఉండవు. మూడు మీటర్ల ఎడంలో చెట్లన్నీ ఒకే లావు రావు, మధ్యలో కొన్నిటిని తీసేయకపోతే అన్నీ సన్నబడతాయి. ఇంతా చేసి అన్నీ ఒకే రకం, ఒకే ఏడు కోత కాబట్టి ఆ ఏడు ధర పడిపోతే మీ ఎనిమిదేళ్లూ పడిపోయినట్టే. అయినా ఇది కుదరని దారి అనను. నేల పంటకు అసలు పనికిరాకపోతే, కౌలు ఆదాయం మీకు అవసరం లేకపోతే, దగ్గర్లో ఇద్దరు ముగ్గురు కొనేవాళ్లుంటే నడుస్తుంది. మీ ఉత్తరంలో ఈ మూడూ కనిపించలేదు. పన్నెండేళ్ల మనిషిని పంపడం ఒక్కటే కనిపించింది.

రెండో దారి, గట్ల వెంట చెట్లు, లోపల ఆయన పంట. నేనైతే దీనితోనే మొదలెడతాను, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

నాలుగెకరాల నలుచదరం అంటే ఒక్కో వైపు 127 మీటర్లు. పొడవు చెట్లు నాలుగు వైపులా పెట్టకండి. తూర్పు, పడమర గట్ల వెంట మాత్రమే పెట్టండి, మూడు మీటర్లకొకటి. రెండు వైపులా కలిపి 85 మొక్కలు. ఎందుకిలా అంటే సూర్యుడి వల్ల. 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర డిసెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణానికి బాగా వాలి ఉంటాడు, పది మీటర్ల చెట్టు నీడ ఉత్తరం వైపు ఎనిమిది మీటర్లు పడుతుంది. అదే జూన్‌లో నీడ దాదాపు మొదట్లోనే ఉంటుంది, మీటరు పైచిలుకు. అంటే ఉత్తరపు గట్టు మీద పొడవు చెట్టు పెడితే చలికాలమంతా దాని మధ్యాహ్నపు నీడ పక్కవాడి చేలోనే. ఆ రైతు కోపంలో న్యాయముంది. దక్షిణపు గట్టు మీద పెడితే ఆ నీడ మీ పత్తి మీదికే వస్తుంది, సరిగ్గా పగిలిన పత్తికి ఎండ కావాల్సిన రోజుల్లో. తూర్పు పడమర గట్ల నీడ పొద్దున కొంత, సాయంత్రం కొంత పడి పోతుంది, మధ్యాహ్నపు ఎండ పంటకు దక్కుతుంది. మీరు నమ్మక్కర్లేదు, ఈ డిసెంబరులో పొలానికి వెళ్లినప్పుడు మూడు మీటర్ల కర్ర నిలబెట్టి మధ్యాహ్నం నీడ కొలవండి. రెండున్నర మీటర్లకు కాస్త అటూఇటూ వస్తుంది. ఆ కర్ర పాతేటప్పుడు ఉత్తరం పొలం రైతునూ పిలవండి. నోటితో ఇచ్చే హామీ కంటే ఆ కొలత బాగా పనిచేస్తుంది.

ఉత్తరం, దక్షిణం గట్లకు గ్లైరిసిడియా, కొట్టేకొద్దీ చిగురిస్తూ పచ్చిరొట్ట ఇచ్చే చిన్న చెట్టు. మొక్కలు కొననక్కర్లేదు. బొటనవేలు కంటే కాస్త లావు, మీటరు పొడవు ముదురు కొమ్మలు తొలకరిలో అడుగు లోతున నాటితే చిగురిస్తాయి. మీటరుకొకటి చొప్పున 254 కావాలి, ఎండేవి ఉంటాయి గనక 300 తెచ్చుకోండి. కింది కొన ఏటవాలుగా కోయాలి. తలకిందులుగా నాటితే బతకదు, కోసినప్పుడే పైకొనకు సున్నం బొట్టు పెడితే పొరపాటు జరగదు. ఏడాది దాటాక మీటరు ఎత్తున కొట్టడం మొదలెట్టవచ్చు, ముదిరాక ఏడాదికి మూడు కోతలు వస్తాయి. ఈ ఎత్తులో కొడుతూ ఉండే పొద నీడ పక్క చేలో పెద్దగా పడదు.

పొడవు చెట్లను గట్టు మీద కాకుండా గట్టుకు రెండు మీటర్లు లోపల నాటండి. వేర్ల గొడవ, సరిహద్దు గొడవ రెండూ తగ్గుతాయి. గుంతలు వేసవిలోనే తవ్వాలి, అడుగున్నర పొడవు, వెడల్పు, లోతు. పైమన్ను ఒక పక్క, అడుగుమన్ను ఒక పక్క పోసి ఎండనివ్వండి. నాటేటప్పుడు పైమన్నులో రెండు మూడు కిలోల బాగా మాగిన పశువుల ఎరువు కలిపి ముందు అది వేయండి. మాగని ఎరువు వేస్తే చెదను పిలిచి భోజనం పెట్టినట్టే. మొక్క మోకాలెత్తు ఉంటే చాలు. నడుమెత్తు మొక్క చూడ్డానికి బాగుంటుంది గానీ సంచిలో దాని వేర్లు చుట్టుకుపోయి ఉంటాయి, మూడో ఏట గాలికి పడిపోయేవి అవే. సంచి అడుగు కోసి చూడండి. వేరు గుండ్రంగా తిరిగి ఉంటే ఆ చుట్ట కత్తిరించి నాటండి, మరీ ఎక్కువుంటే వెనక్కి పంపండి. రెండు మంచి వానలు పడి నేల నానాక నాటాలి. వానలు వెనకబట్టే దాకా ఆగితే వేరు దిగకముందే ఎండలొస్తాయి.

నీళ్ల లెక్క ఇక్కడ కూడా చూద్దాం, ఎందుకంటే ఇది ఎవరి ఒళ్లు నొప్పులో తేల్చే లెక్క. 85 మొక్కలకు వారానికి 85 బకెట్లు. బోరు మధ్యలో ఉంది కాబట్టి ఏ గట్టుకైనా 60 మీటర్లకు తక్కువ నడక లేదు. రెండేసి బకెట్లు మోస్తే 43 తిరుగుళ్లు, రాకపోకలు కలిపి వారానికి ఐదు కిలోమీటర్ల పైనే, సగం దూరం బరువుతో. మూడు నాలుగు నెలలు. చాలా ఇళ్లలో ఈ పని ఆడవాళ్ల మీద పడుతుంది, ఒప్పందం మాట్లాడేది మాత్రం మగవాళ్లు. వంద మీటర్ల గొట్టం మీరు కొనిపెడితే ఈ నడక పోతుంది. మీరు పెట్టే ఖర్చులన్నిటిలో తొందరగా ఫలితమిచ్చేది అదే కావచ్చు.

ఈ దారిలో పంటకు తగ్గే నేల ఎంత? తూర్పు పడమరల్లో గట్టు నుంచి ఐదు మీటర్ల మేర, ఉత్తర దక్షిణాల్లో మీటరున్నర మేర పోయిందనుకుందాం. 31 సెంట్లు, తొమ్మిది సెంట్లు, మొత్తం 40 సెంట్లు. నాలుగెకరాల్లో పదోవంతు. ఇది మొదటి రెండేళ్లు పెద్దగా తెలియదు, మూడో ఏడు నుంచి తెలుస్తుంది. కౌలులో కూడా పదోవంతు తగ్గాలి, మూడో ఏడు నుంచి కాదు, మొదటి ఏడు నుంచే. ఎందుకంటే ఆ మొదటి రెండేళ్లే నీళ్లు మోసేది. చెట్ల నుంచి మీటరు లోపలికి ఏటా వేసవి చివర అడుగు వెడల్పు, రెండడుగుల లోతు కందకం తీసి మళ్లీ పూడ్చితే పక్కకు పాకే వేర్లు తెగి పంట మీద పోటీ తగ్గుతుంది. ఒకే ఏడు రెండు పక్కలా తవ్వకండి, చెట్టు కదిలిపోతుంది.

ఈ దారి ఒక్కదానితో మీ పైమన్ను ఆగదు. గట్టు చెట్టు గట్టునే పట్టుకుంటుంది, పొలం మధ్యలో పారే నీటిని ఆపలేదు. అందుకే మూడో దారి.

మూడోది, పొలం లోపల వరసలు. పది మీటర్ల ఎడంతో వరస, వరసలో మూడు మీటర్లకో చెట్టు, ఎకరానికి 135. ఎడం పది మీటర్లే ఉండాలని లేదు, మీ ఊళ్లో తిరిగే ట్రాక్టరు గొర్రు వెడల్పుకు సరిసమానమైన గుణకంగా ఉండాలి. గొర్రు రెండు మీటర్లయితే, చెట్టుకు రెండు వైపులా మీటరు చొప్పున వదిలి, మధ్య ఎనిమిది మీటర్లు నాలుగు సాలింపుల్లో అయిపోతుంది. తొమ్మిదిన్నర మీటర్లు పెడితే చివరి సాలింపు ప్రతిసారీ చెట్టు బెరడు గీరుకుంటుంది. కాగితం మీద తెలియని ఇలాంటివి కౌలుదారుకు ఒక్క చూపులో తెలుస్తాయి. చదును నేలలో అయితే వరసల దిక్కు సూర్యుణ్ని బట్టి పెట్టుకోవచ్చు. మీ పొలం వాలుంది కాబట్టి వాలు ముందు, సూర్యుడు తర్వాత. వరస వాలుకు అడ్డంగా సమమట్టంలో పోవాలి. దానికి పెద్ద పరికరం అక్కర్లేదు. రెండు సమానమైన కర్రల తలలు కలిపి కట్టి, నడుమున అడ్డకర్ర బిగించి, పైనుంచి తాడుకు రాయి వేలాడదీయండి. చదునైన చోట నిలబెట్టి తాడు అడ్డకర్రను తాకిన చోట గీత పెట్టండి, కాళ్లు మార్చి ఇంకో గీత పెట్టండి, రెండింటి మధ్యే మట్టం. పొలంలో తాడు ఆ గీత మీదికి వచ్చేలా ఒక కాలు ఆధారంగా రెండోదాన్ని తిప్పుకుంటూ, అడుగడుగుకూ మేకు కొడుతూ పోతే సమమట్టపు గీత వచ్చేస్తుంది. దాని వెంట గ్లైరిసిడియా అరమీటరుకొకటి దగ్గరగా నాటి, కోసిన కొమ్మలు పైవైపున పరిస్తే రెండు మూడు వానాకాలాల్లో మన్ను అక్కడ ఆగి గట్టుకడుతుంది. ఇది నాలుగెకరాల్లో ఒకేసారి వద్దు. బాగా కోత పడుతున్న ఒక్క ఎకరంలో మొదలెట్టి, రెండు పంటలు చూసి పెంచండి.

నాలుగో దారి ఏమీ చేయకపోవడం. దాన్నీ ఒక దారిగానే లెక్కపెట్టండి. మీ ఇద్దరి మధ్యా మాట కుదరకపోతే, ఒక ఏడు ఆగి వాలుకు అడ్డంగా దున్నించడం, పత్తిలో ఆరేడు సాళ్లకొక కంది సాలు వేయించడం మాత్రం చేయండి. దానికి ఒప్పందం అక్కర్లేదు, నష్టం లేదు.

ఇప్పుడు కాగితం సంగతి. మీ బంధువుల భయం లోకంలో ఎక్కడా లేనిది కాదు. పశ్చిమ ఆఫ్రికాలో చాలాచోట్ల చెట్టు నాటడమంటే నేల మీద హక్కు చెప్పుకోవడమే, అందుకే యజమానులు కౌలుదార్లను చెట్టు నాటనివ్వరు. కానీ ఆ భయానికి మందు రాయకపోవడం కాదు. నోటిమాట మీదే పన్నెండేళ్లు నడిచింది, రేపు తగువొస్తే మీ దగ్గరున్న రుజువేమిటి? నేల వేరు, చెట్టు వేరు అని విడగొట్టి రాయండి: నేల పూర్తిగా యజమానిది, ఈ ఒప్పందం నేల మీద ఎలాంటి హక్కూ ఇవ్వదు, చెట్ల ఆదాయంలో మాత్రం కౌలుదారుకు ఇంత వాటా. కౌలు చట్టాలు చోటుకో తీరుగా ఉంటాయి కాబట్టి సంతకానికి ముందు భూమి వ్యవహారాలు తెలిసిన వకీలుకు ఒకసారి చూపించండి.

వాటా ఎంత అన్నది మీ ఇద్దరూ తేల్చుకోవాల్సింది. లెక్క ఎలా కట్టాలో చెప్తాను. నేల, మొక్కలు, గుంతలు, గొట్టం మీవి. నీళ్లు, కాపలా, కొమ్మల కత్తిరింపు, చచ్చినవాటి చోట మళ్లీ నాటడం ఆయనవి. కలపలో ఆయనకు 40 శాతం అనుకుందాం. దాన్ని ఎనిమిదేళ్ల మీద పరచండి, పూర్తయిన ప్రతి ఏడాదికీ ఐదు శాతం ఆయన పేరున జమ. మూడేళ్లకు మీరు కౌలు మాన్పించినా, ఆయనే మానేసినా, 15 శాతం ఆయనదే, కోత రోజున ఇవ్వాలి. ఇలా రాస్తే ‘రేపు నన్ను పంపేస్తే’ అన్న ఆయన భయం, ‘రేపు వెళ్లనంటే’ అన్న మీ భయం ఒకే లెక్కతో తీరుతాయి. బతికిన చెట్ల మీదే వాటా అని రాయండి, ఏటా వేసవి చివర ఇద్దరూ కలిసి లెక్కపెట్టి సంతకం చేయండి. రొట్ట, వంటచెరకు, మేత మొత్తం ఆయనవే అని రాయండి. వాటికోసం వాటాలు వేసుకోవడం దండగ. పైగా కొమ్మ తనదైతేనే కత్తిరించే చెయ్యి వేళకు కదులుతుంది. ఒక్క షరతు పెట్టండి, కలప చెట్టు పచ్చదనంలో మూడోవంతుకు మించి ఒక్కసారి కత్తిరించకూడదు.

ఎనిమిదేళ్లు ఆగే ఓపిక ఆ ఇంటికి లేకపోవచ్చు. అప్పుడు దక్షిణపు గట్టు లోపల ఒక వరస మునగ ఇవ్వండి. పీకేఎం-1 రకం గింజ వేసిన ఆరు నుంచి ఎనిమిది నెలల్లో కాపుకొస్తుంది, ఆ కాపు మొత్తం ఆయనకే వదిలేయండి. నీరు నిలిచే చోట మునగ బతకదు, ఆ చోటు తప్పించండి.

యూరియా మాన్పించడం గురించి. మీరు ఇక్కడే ఎక్కువ తొందరపడ్డారని నా అభిప్రాయం. శ్రీలంక 2021లో రసాయన ఎరువుల దిగుమతి ఒక్కసారిగా ఆపేసింది. అదే ఏడు నవంబరుకల్లా వెనక్కి తగ్గింది. అయినా వరి దిగుబడి పడిపోయి బియ్యం బయటి నుంచి తెప్పించుకోవాల్సొచ్చింది. సేంద్రియం తప్పని కాదు. తీసేసిన నత్రజని స్థానంలో పెట్టడానికి రొట్ట గానీ సమయం గానీ లేవు, ఆ నష్టం ముందుగా పండించేవాళ్ల నెత్తిన పడింది. మీ పొలంలో కూడా అదే జరుగుతుంది. టన్ను పచ్చి గ్లైరిసిడియా రొట్టలో ఉండే నత్రజని సుమారు ఐదు నుంచి ఏడు కిలోలు, అంటే 11 నుంచి 15 కిలోల యూరియాలో ఉన్నంత. అదీ ఒక్క పంటకే మొత్తం అందదు. మీ కొమ్మలు ఇంకా నాటనే లేదు. కాబట్టి మొదటి రెండేళ్లు యూరియా తగ్గించే జోలికి పోకండి. మూడో ఏడు నుంచి కోసిన రొట్టను కాటా మీద తూచి, ఒక్క ఎకరంలో, అది ఇచ్చేంత మేరకే యూరియా తగ్గించండి. ఆ ఎకరం దిగుబడి మిగతా మూడెకరాల సగటు కంటే తగ్గితే, ఆ తేడా కౌలులోంచి మీరు వదులుకోండి. ప్రయోగం మీది కాబట్టి నష్టం కూడా మీదే కావాలి. కలిసొస్తే తర్వాతి ఏడు ఆయనే రెండో ఎకరం అడుగుతాడు.

మీ ఉత్తరంలో లేనివాళ్లు ఒకరున్నారు. ఆ పొలంలో కలుపు తీసే, పత్తి ఏరే కూలీలు. గట్ల చెట్ల వల్ల వాళ్ల పనిదినాలు పెద్దగా మారవు, రొట్ట కోతకు కొన్ని పెరుగుతాయి కూడా. మీ అన్నయ్య దారిలో మూడో ఏటి నుంచి దాదాపు సున్నా. నిర్ణయం మీదే, ఆ అంకె కూడా పక్కన రాసుకుని నిర్ణయించండి.

ఇక మీరడిగిన ప్రశ్న. కలపకు మలబారు వేప ఆరు నుంచి ఎనిమిదేళ్లలో వస్తుంది, లేతగా ఉండగా నీడ పలచన, కానీ గాలి ఎక్కువున్న చోట విరుగుతుంది. టేకుకు ఇరవై ఏళ్ల పైమాటే, ఎనిమిదేళ్ల ఒప్పందానికి సరిపోదు. నీలగిరి (యూకలిప్టస్) తొందరగా పెరుగుతుంది, కొట్టినా మోడు నుంచి మళ్లీ లేస్తుంది, కానీ నీటి కోసం పక్క పంటతో గట్టిగా పోటీపడుతుంది. మీ పల్చటి బోరుకు, మీ పక్కవాళ్లతో మీకున్న స్నేహానికి అది వద్దు. సుబాబుల్ విత్తనం చేనంతా మొలిచి కలుపవుతుంది. నేనైతే 85లో 60 మలబారు వేప, మధ్యమధ్య 25 మామూలు వేప పెడతాను. వేప నెమ్మదే, అది మీ పిల్లల కాలానికి. కొనే ముందు రెండు పనులు చేయండి. కలప కొనేవాళ్లు కనీసం ఇద్దరిని అడిగి, ఎంత చుట్టుకొలత నుంచి కొంటారో, ఎంత దూరం వస్తారో తెలుసుకోండి. ఆ రకం నరకడానికి, రవాణాకు మీ చోట అనుమతి కావాలేమో అటవీ కార్యాలయంలో అడగండి. భారతదేశం 2014లో తెచ్చిన జాతీయ వ్యవసాయ అటవీ విధానం ఈ అనుమతులు తేలిక చేయాలనే చెప్పింది, కానీ ఏ రకానికి మినహాయింపన్నది ఇప్పటికీ రాష్ట్రానికో తీరు.

కౌలుదారుతో ఈ మాటలు ఫోన్లో మాట్లాడకండి. పొలానికి వెళ్లండి, ఆయన భార్య కూడా ఉన్నప్పుడు. ముందు మీ పథకం చెప్పకండి. తాడు, మేకులు ఆయన చేతికిచ్చి, “చెట్లంటూ పెడితే నీ నాగలికి అడ్డం రాకుండా ఎక్కడ పెట్టొచ్చు?” అని అడిగి కాసేపు ఊరుకోండి. నీరెక్కడ నిలుస్తుందో, వాన ఏ మూల నుంచి కోసుకుపోతుందో పన్నెండేళ్లుగా చూసిన మనిషి. నాకు కాగితం మీద కనిపించిన తూర్పు పడమర గట్లు అక్కడ కుదరకపోవచ్చు. బండిదారి అటే ఉండొచ్చు. అప్పుడు ఆయన మేకు కొట్టిన చోటే మొదలెట్టండి, నీడ కొలత మాత్రం చూసుకుని.

అన్నీ విని ఆయన వద్దంటే, కారణం అడగండి. పదోవంతు చాలలేదంటే మాట్లాడుకోవచ్చు. నమ్మకం లేదంటే ముందు మూడేళ్ల కౌలు కాగితం, చెట్ల ఊసు లేకుండా, రాసివ్వండి. మొక్కలు ఆ తర్వాతి తొలకరికి. ఒప్పుకుంటే మాత్రం గుంతలకు ముందే కాగితం రెండు ప్రతులు రాయించండి, పొలం పటం గీసి చెట్లకు ఒకటి నుంచి 85 దాకా అంకెలు వేయండి. ఒక ప్రతి ఆయన ఇంట్లో ఉండాలి, ఆయన భార్య సంతకం కూడా దాని మీద ఉండేలా చూడండి.